యానాంను ఎవరు అడిగారు?

(అమలాపురంలో ఒక చరిత్ర ఉపాధ్యాయుని పేరిట చేసిన స్మారకోపన్యాసానికి వ్యాసరూపం)

ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి ఎక్కి గౌతమి దాటితే యానాం. అమలాపురం నుంచి కాకినాడ వెళ్లే బస్సుకి అది 216 నంబరు జాతీయ రహదారి మీద మధ్యలో తగిలే ఊరు, అంతే. భాష మారదు, యాస మారదు, పులస మీద మోజూ మారదు. పెట్రోలు బంకు దగ్గర మాత్రం రేటు మారుతుంది. మందు షాపు దగ్గర ఇంకాస్త మారుతుంది. యానాంకు ప్రత్యేక ప్రతిపత్తి ఉందన్న సంగతి కోనసీమ కుర్రాళ్లలో చాలామందికి తెలిసింది ఈ రెండు చోట్లే. ప్రభుత్వ కార్యాలయాల బోర్డుల మీద కనిపించే పుదుచ్చేరి అక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం.

ఆ బోర్డుకీ ఆ రేటుకీ మూలం 1956 మే 28న భారత్, ఫ్రాన్స్ సంతకాలు చేసిన ఒప్పందం. జాతుల స్వయం నిర్ణయాధికారం అనగానే ఎక్కడో కొసోవో, తూర్పు తిమోర్, పశ్చిమ సహారా అనుకుంటాం. ఆ చర్చకు కావలసిన సరుకంతా ముప్ఫై చదరపు కిలోమీటర్ల యానాంలో ఉంది. ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం ఏర్పాటైందో ఆ మాస్టారు, యుద్ధం తేదీ మరిచినా పర్వాలేదు, సంధి షరతులు మాత్రం చదవండిరా అని పిల్లలకు చెప్పేవారట. అందుకని షరతుల దగ్గరే మొదలుపెట్టడం న్యాయం.

ముందు చట్టం సంగతి. ఐక్యరాజ్యసమితి చార్టర్ మొదటి అధికరణలోనే ప్రజల స్వయం నిర్ణయాధికార సూత్రం ఉంది. స్వపరిపాలన లేని భూభాగాల సమాచారాన్ని, వాటిని ఏలే దేశాలు సమితికి పంపాలని 73వ అధికరణ చెబుతుంది. 1946 డిసెంబరులో సర్వసభ్య సభ అలాంటి 74 భూభాగాల జాబితాను నమోదు చేసింది. అందులో భారతదేశంలోని ఫ్రెంచి స్థావరాలూ ఉన్నాయి. అంటే యానాం పేరు విడిగా లేకపోయినా యానాం ఆ జాబితాలో ఉన్నట్టే. మరుసటి ఏడాదికే ఫ్రాన్స్, మా రాజ్యాంగంలో వీటి హోదా మారింది కనక ఇక సమాచారం పంపనక్కర్లేదంది. కాగితం మీద హోదా మారినంత మాత్రాన గౌతమి ఒడ్డున ఏం మారిందో ఫ్రాన్స్‌కే తెలియాలి.

అదే ఫ్రాన్స్ 1946 రాజ్యాంగంలో మరో మాట కూడా రాసుకుంది. సంబంధిత ప్రజల సమ్మతి లేకుండా ఏ భూభాగాన్నీ వదులుకోవడం చెల్లదని 27వ అధికరణ చెప్పింది. తర్వాత వచ్చిన 1958 రాజ్యాంగంలోనూ 53వ అధికరణగా అదే మాట నిలిచింది. వెళ్లిపోవడానికి ఫ్రాన్స్ మనసు ఒప్పుకున్నా, జనాన్ని అడగకుండా వెళ్లే దారి దాని చట్టంలో లేదు. 1948 జూన్‌లో రెండు ప్రభుత్వాలూ, ప్రజలే తేల్చుకుంటారు అనే అంగీకారానికి రావడానికి కారణం ఇదే.

ఆ మాట పూర్తిగా నిలబెట్టుకున్నది ఒక్క చోటే. కలకత్తా పక్కనున్న చంద్రనగర్‌లో 1949 జూన్ 19న ఓటింగ్ జరిగింది. భారత్‌లో కలుస్తామని ఏడు వేల నాలుగు వందల మందికి పైగా ఓటేశారు, వద్దన్నవాళ్లు 114 మంది. మిగతా నాలుగు చోట్ల, అంటే పాండిచ్చేరి, కారైకాల్, మాహే, యానాంలలో, బ్యాలెట్ పెట్టె ఎప్పటికీ రాలేదు. చంద్రనగర్ ఫలితం చూశాక ఫ్రాన్స్‌కు తొందర తగ్గింది. ఫ్రెంచి ఏలుబడిలో సక్రమంగా ఓట్లు పడతాయన్న నమ్మకం భారత్‌కు లేదు. ఎన్నికల్లో దౌర్జన్యాలు జరుగుతున్నాయన్న ఆరోపణలు అంతకుముందు నుంచే ఉన్నాయి. ఈలోగా భారత్ కస్టమ్స్ కట్టుదిట్టం చేసి, తర్వాత పర్మిట్లు పెట్టి ఈ స్థావరాల చుట్టూ ఉచ్చు బిగించింది. చుట్టూ భారత నేలే ఉన్న యానాం లాంటి ఊరికి అదెంత ఇబ్బందో వేరే చెప్పనక్కర్లేదు.

1954 మార్చిలో పాండిచ్చేరిలో గాలి తిరిగింది. అంతవరకూ ఫ్రెంచి పక్షాన ఉన్న ఎడ్వర్డ్ గుబేర్ విలీనానికి జై కొట్టాడు. రెఫరెండం లేకుండానే కలిపేయమని మున్సిపల్ సభలు తీర్మానాలు చేశాయి. యానాం వంతు జూన్ 13న వచ్చింది. ఫ్రెంచి పోలీసు శాఖలో పనిచేసి, ఆనక ఆ పాలన మీదే తిరగబడ్డ యానాం బిడ్డ దడాల రఫేల్ రమణయ్య ముందు నడిచారు. చుట్టుపక్కల భారత గ్రామాల నుంచి వాలంటీర్లు తోడయ్యారు. ఆ రోజుతో యానాం ఫ్రాన్స్ చేతిలోంచి జారిపోయింది. నెల తిరగగానే, జూలై 16న, మాహేలోనూ అదే జరిగింది. తన పోరాటం మీద దడాల ఇంగ్లీషులో ఆత్మకథ రాసుకున్నారు. యానాం గురించి రాసేవాళ్లెవరైనా దాన్ని తిరగేయక తప్పదు.

ఫ్రెంచి రచనల్లో ఆ రోజుకు కుట్ర అని పేరు. మన రచనల్లో విమోచన. విమోచన అన్నవాళ్లదే సబబు అని ఈ ఉపన్యాసకుడి అభిప్రాయం. రెండు శతాబ్దాలకు పైగా సముద్రాలు దాటి వచ్చి ఏలినవాళ్లు, 1948లో ఇస్తామన్న ఓటు ఆరేళ్లయినా ఇవ్వకపోతే, జనం ఆగలేదని తప్పుపట్టే హక్కు వాళ్లకు లేదు. కానీ ఊరేగింపులో నడిచినవాళ్లు ఎందరు, తలుపు సందులోంచి చూసినవాళ్లు ఎందరు, అందులో యానాం వాళ్లెవరు, బయటి నుంచి వచ్చినవాళ్లెవరు అనే లెక్క ఊరేగింపు చెప్పలేదు. అది ఓటు చెప్పాల్సిన లెక్క.

ఓటు లాంటిది ఒకటి మాత్రం అక్టోబరు 18న పాండిచ్చేరి దగ్గర కీళూరు అనే పల్లెలో జరిగింది. ప్రతినిధి సభ సభ్యులు, మున్సిపల్ సభ్యులు కలిసి 178 మంది. విలీనానికి అనుకూలం 170, వ్యతిరేకం 8. రాజ్యాంగం అడిగిన సమ్మతి దొరికిందని ఫ్రాన్స్ ఊపిరి పీల్చుకుంది. నవంబరు 1న పాలన భారత్ చేతికి వచ్చింది. 1956లో ఒప్పందం అయినా, అల్జీరియా యుద్ధంలో మునిగి ఉన్న ఫ్రాన్స్ దాన్ని పార్లమెంటులో పెట్టే సాహసం చాలాకాలం చేయలేదు. అల్జీరియా స్వతంత్రమయ్యాకే, 1962 జూలైలో, ఆమోదం వచ్చింది. ఆగస్టు 16న యానాం చట్టబద్ధంగా భారత భూభాగమైంది. అంటే దేశం గణతంత్రమైన పన్నెండేళ్లకు కూడా, కాగితం ప్రకారం ఎదుర్లంక నుంచి పడవలో గౌతమి దాటినవాడు ఫ్రాన్స్‌లో దిగినట్టే.

178 మంది ఓటుతో సరిపెట్టుకోవడం అంతర్జాతీయ న్యాయానికి ఆనుతుందా? ఇవాళ్టి కొలబద్దతో చూస్తే ఆనదు. 1960 డిసెంబరు 14న సర్వసభ్య సభ వలస పాలన అంతానికి 1514వ తీర్మానం చేసింది. మర్నాడే 1541వ తీర్మానంలో, వలస దేశానికి మూడు దారులు చూపించింది: స్వతంత్రం కావచ్చు, ఒక దేశంతో స్వేచ్ఛగా అనుబంధం పెట్టుకోవచ్చు, లేదా పూర్తిగా కలిసిపోవచ్చు. మూడో దారికే షరతు గట్టిది. విషయం తెలిసి, వయోజన ఓటు హక్కుతో, ప్రజాస్వామ్య పద్ధతిలో జనం కోరుకోవాలి. కలిసిపోయాక వెనక్కి రావడం కష్టం కనక ఆ జాగ్రత్త. కీళూరు దానికి ఆరేళ్ల ముందటిది కాబట్టి ఈ తీర్మానంతో దాన్ని కొట్టిపారేయలేం. అయినా 1975లో పశ్చిమ సహారా మీద సలహా అభిప్రాయం ఇస్తూ అంతర్జాతీయ న్యాయస్థానం ప్రజల స్వేచ్ఛాభీష్టమే గీటురాయి అంది. 2019లో చాగోస్ దీవుల కేసులో దాన్నే ఇంకా గట్టిగా చెప్పింది.

ఇంతకీ కీళూరులో దొరకని భరోసా ఒప్పందంలో దొరికింది. అక్కడే అసలు విషయం ఉంది. రెండో అధికరణ ప్రకారం, 1954 నవంబరుకు ముందున్న ప్రత్యేక పాలనా ప్రతిపత్తి ఈ స్థావరాలకు కొనసాగుతుంది. దాన్ని రాజ్యాంగపరంగా మార్చాలంటే ప్రజల అభీష్టం తెలుసుకున్నాకే మార్చాలి. ప్రజల ప్రతినిధులు వేరే నిర్ణయం చేసేదాకా ఫ్రెంచి అధికార భాషగా ఉంటుంది. జాతీయత విషయంలో మనిషి మనిషికీ ఎంపిక ఉంది. ఫ్రెంచి పౌరులుగా ఉండదలచినవాళ్లు ఒప్పందం అమల్లోకి వచ్చిన ఆరు నెలల్లో రాతపూర్వకంగా చెప్పుకోవచ్చు. ఒక ఊరు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారుతుంటే, అందులో ఉన్న మనిషి మారాలా వద్దా అని విడిగా అడిగారు. ఇరవయ్యో శతాబ్దంలో సరిహద్దులు మారిన చోట్ల ఇంత మర్యాద దక్కినవాళ్లు ఎక్కువమంది లేరు.

ఈ రెండో అధికరణకు ఒకసారి గట్టి పరీక్షే వచ్చింది. ప్రధానిగా ఉన్న మొరార్జీ దేశాయ్ ఈ నాలుగు ముక్కలనూ పక్క రాష్ట్రాల్లో కలిపేయాలన్నారు. యానాంను ఆంధ్రప్రదేశ్‌లో కలపడమన్నమాట. 1979 జనవరిలో పాండిచ్చేరి భగ్గుమంది. కాల్పుల దాకా వెళ్లింది. ఆ ప్రతిపాదన అంతటితో అటకెక్కింది. జనం ఒప్పందం పాఠం చదువుకుని రోడ్డెక్కారని ఎవరూ అనరు. కానీ అడగకుండా మార్చకూడదన్న సంగతి వాళ్లకు ఢిల్లీ కంటే బాగా గుర్తుంది.

అయితే ప్రజల అభీష్టం అన్నప్పుడు ఏ ప్రజలు? నాలుగు చోట్లా కలిపి ఒకే లెక్కా, యానాంది యానాంకే లెక్కా? పుదుచ్చేరి శాసనసభకు ఎన్నికయ్యే సభ్యులు 30 మంది. యానాంకు ఉన్నది ఒకే ఒక్కరు. తమిళం మాట్లాడే మెజారిటీ మధ్య యానాం తెలుగువాళ్లు మైనారిటీ. 1965 నాటి అధికార భాషల చట్టం యానాంలో తెలుగుకు చోటిచ్చింది, నిజమే. పూర్తి రాష్ట్ర హోదా కావాలని పుదుచ్చేరి సభ పలుమార్లు తీర్మానం చేసింది. రేపు హోదా నిజంగా వస్తే అప్పుడు యానాం గొంతును 29కి ఒకటిగా వింటారా, విడిగా వింటారా? ఒప్పందం ఈ సంగతి తేల్చలేదు.

ఇది మన ఒక్క ఊరి తంటా కాదు. కొమొరోస్ అనే నాలుగు దీవుల సముదాయంలో 1974 డిసెంబరులో ఫ్రాన్స్ ప్రజాభిప్రాయ సేకరణ జరిపింది. మొత్తం మీద జనం స్వాతంత్ర్యానికి భారీగా ఓటేశారు. మయోట్ దీవిలో మెజారిటీ మాత్రం వద్దంది. ఫ్రాన్స్ దీవి దీవికీ లెక్క వేసి మయోట్‌ను ఉంచేసుకుంది. ఐక్యరాజ్యసమితి నాలుగింటినీ ఒకటిగా లెక్కపెట్టి 1975 నవంబరులో కొమొరోస్‌ను సభ్యదేశం చేసుకుంది. ఆ తగువు ఈనాటికీ తెగలేదు. 1946 జాబితాలో యానాంతో పాటే ఉన్న న్యూ కాలెడోనియాది ఇంకో రకం చిక్కు. అక్కడ 2018, 2020, 2021లలో మూడుసార్లు ఓటింగ్ జరిగింది. మొదటిసారి స్వాతంత్ర్యం వద్దన్నవాళ్లు 56 శాతం పైన, రెండోసారి 53 శాతం. మూడోసారి స్వాతంత్ర్యవాదులు బహిష్కరించడంతో వద్దన్న ఓటు 96 శాతం దాటింది. గెలుపంటే అదేనా? కొత్తగా వచ్చి స్థిరపడ్డవాళ్లకు ఓటివ్వాలా అన్న పేచీ మీద 2024 మేలో ఆ దీవి తగలబడింది. ప్రజలు తేల్చుకుంటారు అనడం తేలికే. ముందు ప్రజలెవరో తేల్చాలి.

భారత్ తనవరకు దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేసుకుంది. 1979 ఏప్రిల్‌లో అంతర్జాతీయ మానవ హక్కుల ఒడంబడికలు రెండింటిలోనూ చేరుతూ, వాటి మొదటి అధికరణలో ఉన్న స్వయం నిర్ణయాధికారం విదేశీ పెత్తనం కింద ఉన్నవాళ్లకే వర్తిస్తుందని, స్వతంత్ర దేశాలకూ వాటిలోని ఒక భాగానికీ వర్తించదని ప్రకటన జత చేసింది. దేశం ముక్కలవుతుందన్న భయం అందులో దాగిలేదు, పైకే కనిపిస్తుంది. జర్మనీ, నెదర్లాండ్స్ అభ్యంతరం చెప్పాయి. ఫ్రాన్స్ కూడా 1980 నవంబరు 4న అభ్యంతరం చెప్పింది, చార్టర్‌లో లేని షరతులు పెడుతున్నారని. తమాషా ఏమిటంటే అదే రోజు ఫ్రాన్స్ పౌర హక్కుల ఒడంబడికలో తను చేరుతూ, మైనారిటీల భాష, మతం, సంస్కృతులను కాపాడే 27వ అధికరణ తమకు వర్తించదని రాసిచ్చింది. మా దేశంలో మైనారిటీలే లేరన్నది దాని వాదం. ప్రజలు లేరని ఒకరు, మైనారిటీలు లేరని ఇంకొకరు.

దేశం విడిపోకుండానే లోపల తమ సంగతి తాము చూసుకునే హక్కు మరి? అంతర్జాతీయ న్యాయం దీనికి పెద్దపీట వేస్తోంది. స్వీడిష్ మాట్లాడే ఆలండ్ దీవులను 1921లో నానాజాతి సమితి ఫిన్లాండ్‌కే ఉంచి, భాషకూ భూమికీ రక్షణలు ఇప్పించింది. క్యుబెక్ విషయంలో 1998లో కెనడా సుప్రీంకోర్టు, దేశం లోపల గౌరవంగా పాలనలో పాలు దక్కుతున్నంతకాలం ఏకపక్షంగా విడిపోయే హక్కు లేదంది. అయితే స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ వస్తే కేంద్రం కూర్చుని మాట్లాడి తీరాలని కూడా అంది. ఈ రెండో సగాన్ని మన ఉపన్యాసాల్లో తరచు వదిలేస్తుంటారు.

ఈ లోపలి హక్కు గౌతమికి ఇవతల ఎలా ఉందో చూస్తే యానాం అదృష్టం అర్థమవుతుంది. 1955లో రాష్ట్రాల పునర్విభజనపై సిఫార్సులు చేసిన ఫజల్ అలీ కమిషన్, తెలంగాణను కొన్నాళ్లు హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది కోరితే ఆంధ్రతో కలపమంది. అడిగి కలపమనడం అన్నమాట. ఆ ఆరేళ్లు ఎవరూ ఆగలేదు. 1956 నవంబరు 1న కలిపేశారు. యానాం పాలన చేతులు మారి సరిగ్గా రెండేళ్లకు. విడదీసేటప్పుడూ అంతే. 2014 జనవరి 30న ఉమ్మడి శాసనసభ బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించేసింది. రాజ్యాంగం మూడో అధికరణ ప్రకారం శాసనసభను అడగాలి గాని, అది చెప్పినట్టు వినాలని లేదు. ఈ మాట సుప్రీంకోర్టు 1959లోనే తేల్చింది. తెలంగాణ కోరిక న్యాయమైనదా కాదా అన్నది వేరే సంగతి. కలపడం తప్పనీ విడదీయడం తప్పనీ రెండు వర్గాలు అరవయ్యేళ్లు కొట్టుకున్నాయంటే, రెండుసార్లూ అడగడంలో లోటు చేయడమే ఒక కారణం.

ఇదే గోదావరి మీద పైకి వెళ్తే ఇంకా చేదు కథ. పోలవరం ముంపు కోసం 2014 మే 29 నాటి ఆర్డినెన్సుతో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాల ప్రాంతాన్ని, కొంత భాగం మినహాయించి, ఆంధ్రప్రదేశ్‌లోకి మార్చారు. జూలైలో పార్లమెంటు చట్టం చేసింది. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుకునూరు, వేలేరుపాడు అన్నీ కోయలు, కొండరెడ్లు ఉండే ఊళ్లు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతోంది. ఏ రాష్ట్రంలో ఉంటారు అన్న ప్రశ్నకు మాత్రం అలాంటి సభ కూడా లేదు. ఆదివాసుల హక్కుల మీద 2007 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి చేసిన ప్రకటనకు భారత్ ఓటేసింది. ముందుగా, స్వేచ్ఛగా, విషయం తెలిసి ఇచ్చే సమ్మతి అందులో కీలకం. కింద కోనసీమకు సాగునీరు కావాలి, నిజమే. కాలువ చివరి రైతుకు ఆ నీటి విలువ తెలుసు. ఆ నీటికి ఊళ్లు వదులుకున్నవాళ్లను అడగాల్సింది అన్నంత మాత్రాన ఆ రైతుకు అన్యాయం చేసినట్టు కాదు.

ఇంకొక సంగతి చెప్పకపోతే ఈ లెక్క తప్పుతుంది. ఒక ప్రాంతం తన ఇష్టప్రకారం నడుచుకుంటే లోపల అందరి ఇష్టమూ నెరవేరినట్టేనా? 1929లో బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలను నిరోధించే శారదా చట్టం వచ్చింది. ఫ్రెంచి యానాంలో ఆ చట్టం లేదు. ఇటు ఒడ్డున పెద్దమనుషులు ఆడపిల్లలను పడవెక్కించి యానాం తీసుకెళ్లి పెళ్లిళ్లు చేసుకొచ్చేవారు. ఊరికి కల్యాణపురం అని ముద్దుపేరు కూడా వచ్చింది. ప్రత్యేక ప్రతిపత్తి వల్ల ఆ పిల్లలకు ఒరిగింది ఏమిటో ఊహించుకోవచ్చు.

భాషా రాష్ట్రాల మీద 1955లో పుస్తకం రాసిన అంబేద్కర్ ఈ ప్రమాదాన్నే పట్టుకున్నారు. ఒక భాషకు ఒక రాష్ట్రం అయ్యాక, అందులో భూములూ ఉద్యోగాలూ వ్యాపారాలూ పట్టుకున్న పెద్ద కులాల కింద చిన్నవాళ్ల గతేమిటని అడిగారు. ఉదాహరణకు తీసుకున్న వాటిలో ఆంధ్ర ఒకటి. 2022 మేలో కోనసీమ జిల్లాకు ఆయన పేరు చేర్చాలని ప్రభుత్వం ప్రతిపాదించి, అభ్యంతరాలకు 30 రోజులు గడువిచ్చింది. గడువు నడుస్తుండగానే మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు కాలాయి. అభిప్రాయం చెప్పే దారి తెరిచి ఉండగా నిప్పుపెట్టడాన్ని ప్రజాభీష్టం అనకూడదు. జిల్లాకు ఆ పేరు ఖాయమైంది. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం జిల్లా పటంలో పేరుతో తీరేది కాదు.

మళ్లీ యానాం. కీళూరులో 178 మంది ఏం కోరారో రికార్డు ఉంది. సంతకు వచ్చినవాళ్లు, వలలు వేసినవాళ్లు, కాకినాడలో చదువుకోవడానికి పర్మిట్ కోసం నిలబడ్డ కుర్రాళ్లు, ఫ్రెంచి పింఛను తీసుకునే ఇళ్లలో ఆడవాళ్లు ఏం కోరుకున్నారో రికార్డు లేదు. 1954లో పదేళ్ల పిల్లలుగా ఆ జూన్ 13ను చూసినవాళ్లు ఎనభై దాటారు. గౌతమికి రెండు ఒడ్డుల్లోనూ ఇంకా కొందరున్నారు. కోనసీమ కాలేజీల్లో చరిత్ర, న్యాయశాస్త్రం చదివే పిల్లలకు ఒక విన్నపం: సెలవుల్లో వారధి దాటి వెళ్లి వాళ్లను పలకరించండి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేయండి, విలీనం వద్దనుకున్నవాళ్లు కనిపిస్తే వాళ్ల మాట కూడా రాసుకోండి. 1956 ఒప్పందాన్ని సులువైన తెలుగులో పెట్టి యానాంలోనూ అమలాపురంలోనూ గ్రంథాలయాల్లో ఉంచండి. పుదుచ్చేరి హోదా మీద రేపు ఏ బిల్లు వచ్చినా, రెండో అధికరణ ఏమంటుందో యానాం జనం చేతిలో ఉండాలి.